అవ్వ నడుము ఎందుకు వంగింది?



ఇంటి దూలానికి చెద పట్టిందేమోనని ఏడాదికొకసారైనా తట్టి చూస్తాము. గాదెలో ధాన్యం పురుగు పట్టిందేమోనని చెయ్యి పెట్టి చూస్తాము. గేదె నడకలో కాస్త తేడా కనిపిస్తే ఆ పూటే పశువుల డాక్టరుకు కబురు చేస్తాము. అయితే, ఆ ఇంటి బరువు నలభయ్యేళ్ళపాటు మోసిన ఇల్లాలి నడుము నానాటికీ వంగిపోతూ వుంటే మాత్రం, "పెద్దతనం గదా, వంగక ఏమవుతుంది" అని వూరుకొంటాము. ఈవేళ ఆ వంగిన నడుమును గూర్చి మాట్లాడుకొందాము.

మీ వూళ్ళో ఇటువంటి అవ్వ ఒకరైనా వుంటారు. ఒకప్పుడు అటకమీది డబ్బా చేత్తో అందుకొనేది. ఇప్పుడు పీట వేసుకొన్నా అందడం లేదు. బట్టలారేసే దండెం కొంచెం కిందికి కట్టించుకొన్నది. చీర అంచు నేలమీద జీరాడుతున్నదని కుచ్చెళ్ళు ఇంకాస్త పైకి దోపుకొంటున్నది. మనుమరాలి పక్కన నిలబడితే భుజం దాకా కూడా రావడం లేదు. "మా అవ్వ కుంచించుకుపోతున్నదే" అని పిల్లలు నవ్వుతారు. ఆమె కూడా నవ్వుతుంది. కాని ఇది నవ్వి వూరుకొనే సంగతి కాదు. వయసు మళ్ళిన స్త్రీ అట్లా పొట్టి అయిపోతున్నదంటే, లోపల వెన్నుపూస ఒకటో రెండో విరిగి అణిగిపోయి వుండవచ్చునని అనుమానించాలి.

దెబ్బ తగలకుండా ఎముక ఎట్లా విరుగుతుందండీ అని మీరడుగుతారు. మంచి ప్రశ్న. దానికి జవాబు తెలియాలంటే మన వెన్ను కట్టుబడి ఎట్లాంటిదో కొంచెం తెలుసుకోవాలి.

మన వెన్నెముక ఒకే దుంగ కాదు. చిన్న చిన్న పూసలు ఒకదానిమీద ఒకటి పేర్చిన దొంతి. మెడలో ఏడు, రొమ్ము వెనుక పన్నెండు, నడుములో అయిదు, ఆ కింద ఒకదానితో ఒకటి అతుక్కుపోయినవి మరికొన్ని. పూసకూ పూసకూ మధ్య మెత్తని దిండువంటి చక్రం వుంటుంది. పూస పైకి గట్టిగా కనబడినా లోపల తేనెపట్టు మాదిరి గదులు గదులుగా వుంటుంది. ఆ గదుల గోడలు దిట్టంగా వున్నంత కాలం బస్తా మోసినా, బిందె ఎత్తినా పూస తట్టుకొంటుంది. గోడలు పలచబడి, అక్కడక్కడ తెగిపోయాయనుకోండి, పైనుంచి వచ్చే మామూలు బరువుకే పూస నొక్కుకుపోతుంది. చెద పట్టిన దూలం గాలివాన లేకుండానే ఒకనాడు కుంగినట్టు కుంగుతుంది.

ఇట్లా ఎముక గుల్లబారడాన్నే డాక్టర్లు ఆస్టియోపొరోసిస్ అంటారు. తెలుగులో బోలు ఎముకల జబ్బు అంటున్నాము. పూస నొక్కుకుపోయేటప్పుడు ముందువైపే ఎక్కువగా అణుగుతుంది. వెనుకవైపు ఎత్తు నిలుస్తుంది. అంటే చదరంగా వుండవలసిన ఇటుక, మేకు మాదిరి ఒకవైపు సన్నబడుతుంది. అట్లాంటి ఇటుకలు రెండు మూడు పేర్చితే గోడ ముందుకు వాలక తప్పదు గదా! గూను వచ్చేది అట్లాగే. రొమ్ము వెనుక మధ్యభాగంలోని పూసలు, రొమ్మూ నడుమూ కలిసే చోటి పూసలు ఎక్కువగా యీ విధంగా విరుగుతాయి.

ఇందులో మిక్కిలి మోసం ఏమిటంటే, చాలామందికి పూస విరిగినట్టే తెలియదు. ఇట్లా విరిగిన పూసల్లో సుమారు మూడింట రెండు వంతులు డాక్టరు దృష్టికి రాకుండానే వుండిపోతాయి. చెయ్యి విరిగితే వాచిపోతుంది, వంకరపోతుంది, కట్టు కట్టించుకొంటాము. వెన్నుపూస విరిగితే "నడుము పట్టేసింది" అనుకొంటాము. బిందె ఎత్తబోయినప్పుడో, గడ్డిమోపు నెత్తికెత్తుకొన్నప్పుడో, ఒక్కొక్కప్పుడు గట్టిగా దగ్గినా, కలుక్కుమంటుంది. నాలుగు వారాలో ఎనిమిది వారాలో బాధపడి, నొప్పి తగ్గగానే మరిచిపోతాము. కొందరికి ఆ నొప్పి కూడా వుండదు. కాని అణిగిన పూస మళ్ళీ లేవదు. ఒక పూస విరిగిన మనిషికి రెండో పూస విరిగే ప్రమాదం ఎన్నో రెట్లు ఎక్కువ. అప్పుడే కొత్తగా పూస విరిగిన స్త్రీలలో అయిదుగురిలో ఒకరికి, ఏడాది తిరగకముందే మరొకటి విరుగుతున్నదని 2001లో ప్రచురించిన ఒక పెద్ద పరిశీలనలో తేలింది. కనుక మొదటి పూస దగ్గరే మేల్కొంటే మిగిలిన వెన్ను దక్కుతుంది.

పూసలు వరుసగా అణిగితే అందం మాట అటుంచి, వొళ్ళంతా ఇబ్బందుల పాలవుతుంది. పక్కటెముకలు కిందికి దిగి తుంటి ఎముకను తాకబోతాయి. పొట్టలో చోటు చాలక రెండు ముద్దలు తినగానే కడుపు నిండినట్టుంటుంది, తిండి తగ్గుతుంది. రొమ్ము ముడుచుకొనిపోయి ఆయాసం వస్తుంది. తూకం ముందుకు పడటంవల్ల తూలిపడతారు. పడితే ఈసారి తుంటి విరుగుతుంది. తుంటి విరిగిన ముసలి మనిషి మంచాన పడితే తర్వాత ఏమవుతుందో మీరు ఎన్ని ఇళ్ళల్లో చూశారో నేను చెప్పనక్కరలేదు.

సరే, యీ జబ్బు ఆడవారికే ఎక్కువెందుకు? మగవారికి రాదా? వస్తుంది. కాని ఆడవారికి త్వరగా, ఎక్కువగా వస్తుంది. ఎముక అనేది గాదె వంటిది అనుకోండి. చిన్నతనంనుంచి సుమారు ముప్ఫయ్యేళ్ళ వయసు వరకు గాదె నింపుకొంటాము. ఆ తర్వాత నింపడం తక్కువ, తీయడం ఎక్కువ. ఆడవారి ఒంట్లో వుండే ఈస్ట్రోజన్ అనే రసం యీ గాదెకు కాపలాదారు. ముట్లుడిగిన తర్వాత ఆ రసం ఊట తగ్గిపోతుంది. కాపలా పోతే గాదె ఖాళీ కావడం ఎంతసేపు? ముట్లుడిగిన మొదటి అయిదారేళ్ళలోనే కొందరు స్త్రీలు తమ ఎముకల్లో అయిదో వంతు దాకా పోగొట్టుకొంటారు. ముట్లుడగడానికీ ఎముకల గుల్లబారుడుకూ వున్న యీ సంబంధాన్ని 1941లో అమెరికాలోని ఫుల్లర్ ఆల్బ్రైట్ అనే వైద్యుడు మొదటిసారి స్పష్టంగా చెప్పాడు.

మన రాష్ట్రాలవారు ప్రత్యేకంగా వినవలసిన మాట ఒకటి ఇక్కడున్నది. గర్భసంచి తీయించుకొన్న స్త్రీలు దేశంలోకెల్లా మన రెండు రాష్ట్రాలలోనే ఎక్కువ. 2015-16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల ప్రకారం, 15 నుంచి 49 ఏళ్ళ లోపు స్త్రీలలో గర్భసంచి తీసివేయబడినవారు దేశం మొత్తంమీద నూటికి సుమారు ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది, తెలంగాణలో దాదాపు ఎనిమిదిమంది. వీరిలో ఎందరో నలభయ్యేళ్ళయినా నిండని కూలి తల్లులు, రైతు తల్లులు. తెల్లబట్ట అవుతున్నదనో, ముట్టు ఎక్కువగా అవుతున్నదనో, "పిల్లలు పుట్టారు గదా, ఇంకెందుకు, తీయించేసుకొంటే పీడ పోతుంది" అని తీయించుకొన్నవారున్నారు. గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే, ఈస్ట్రోజన్ ఊట ఆ రోజుతోనే ఆగిపోతుంది. అండాశయాలు వుంచినా, కొందరికి ముట్లుడిగే దశ ముందుగానే వస్తుంది. అంటే యాభయ్యేళ్ళకు మొదలు కావలసిన ఎముకల తరుగుదల ముప్ఫై అయిదుకో, నలభైకో మొదలవుతుంది. అరవై వచ్చేసరికి ఆమె వెన్ను ఇంకా పెద్ద వయసు మనిషి వెన్ను మాదిరి కావచ్చు.

ఆ ఆపరేషను ఎవరికీ అక్కరలేదని నేననడం లేదు. క్యాన్సరు వున్నప్పుడు, మందులకు లొంగని రక్తస్రావం వున్నప్పుడు చేయించుకోక తప్పదు. అయితే, "మందులతో కుదరదా? అండాశయాలు వుంచుతారా?" అనే రెండు ప్రశ్నలు డాక్టరును అడిగి, వీలైతే మరొక డాక్టరు సలహా కూడా తీసుకొని, అప్పుడు సంతకం పెట్టండి. ఇప్పటికే తీయించుకొన్న తల్లులు భయపడవద్దు. వారు మిగతావారికంటె ముందుగా ఎముకల పరీక్ష చేయించుకొని జాగ్రత్తపడితే చాలు.

ఇంకా కొన్ని కారణాలున్నాయి. కీళ్ళనొప్పులకో, ఆయాసానికో పేరు తెలియని బిళ్ళలు నెలల తరబడి మింగేవారున్నారు. వాటిలో స్టీరాయిడ్ వున్నట్టయితే నొప్పి ఇట్టే తగ్గుతుంది, ఎముక అట్టే గుల్లవుతుంది. బిళ్ళ పేరు రాసి ఇవ్వని చోట బిళ్ళ కొనకండి. అయితే ఒక హెచ్చరిక: డాక్టరు రాసిన స్టీరాయిడ్‌ను మాత్రం మీ అంతట మీరు హఠాత్తుగా మానకండి, ఆయన్నడిగే తగ్గించండి. పొగాకు కూడా ఎముకలకు శత్రువే. ఉత్తర కోస్తాలో అడ్డపొగ తాగే అవ్వలు ఇది గమనించాలి. కల్లు, సారా అలవాటు, మరీ బక్కపలచని శరీరం, తల్లికో తండ్రికో తుంటి విరిగిన చరిత్ర, థైరాయిడ్ జబ్బు వీటివల్ల కూడా ప్రమాదం పెరుగుతుంది.

ఇక గుర్తుపట్టడం ఎట్లాగో చూద్దాము. దీనికి పెద్ద యంత్రం అక్కరలేదు. గోడ, పెన్సిలు, టేపు వుంటే చాలు. ఉగాదికో, సంక్రాంతికో, ఏడాదికొకనాడు పెట్టుకోండి. ఉదయంపూట కొలవడం మంచిది, ఎందుకంటే పగలంతా నిలబడి పనిచేస్తే సాయంత్రానికి ఎవరైనా కాస్త పొట్టి అవుతారు. చెప్పులు విడిచి, మడమలు గోడకు ఆనించి, చూపు ఎదురుగా వుంచి నిటారుగా నిలబడమనండి. సిగముడి పక్కకు తీయండి. అట్టపుస్తకమో, పలకో నెత్తిమీద సమంగా ఆనించి గోడమీద గీత గీయండి. పక్కన తేదీ వేయండి. టేపుతో కొలిచి పుస్తకంలో రాసుకోండి. మరుసటి ఏడు అదే గోడ దగ్గర, అదే వేళకు మళ్ళీ కొలవండి. ఒక కొలతకూ మరొక కొలతకూ మధ్య రెండు సెంటీమీటర్లు తగ్గినా, యవ్వనంలో వున్న ఎత్తుకంటె నాలుగు సెంటీమీటర్లు, అంటే సుమారు అంగుళమున్నర తగ్గినా, డాక్టరుకు చూపించి వెన్నుకు ఎక్సురే తీయించాలి.

యవ్వనంలో ఎత్తెంతో ఎవరికి గుర్తుంటుందండీ అంటారేమో. మన పెద్దలు తాడును బారలతో కొలిచేవారు గదా. రెండు చేతులు చాచితే ఒక వేలి కొసనుంచి మరో వేలి కొసవరకు వుండే కొలత బార. వయసులో వున్నప్పుడు మనిషి ఎత్తు, బార దాదాపు సమానంగా వుంటాయి. వెన్ను కుంగితే ఎత్తు తగ్గుతుంది గాని చేతులు పొట్టి కావు. కొందరికి పుట్టుకతోనే బార అంగుళమో రెండంగుళాలో ఎక్కువ వుంటుంది గనుక, దీన్ని పట్టుకొనే జబ్బని నిర్ణయించరాదు. అయితే బారకంటె ఎత్తు మరీ తక్కువగా కనిపిస్తే అనుమానించాలి.

మరి రెండు గుర్తులు. గోడకు ఆనుకొని నిలబడినప్పుడు తల వెనుక భాగం గోడకు తగలకపోవడం ఒకటి. పక్కటెముకల అంచుకూ తుంటి ఎముకకూ మధ్య రెండు వేళ్ళకు మించి చోటు లేకపోవడం రెండోది. ఆశా కార్యకర్తలు, ఉపకేంద్రాల నర్సులు ఇంటింటికీ వెళ్ళినప్పుడు అరవై దాటిన స్త్రీలకు యీ మూడు కొలతలు చూస్తే పది నిమిషాలు కూడా పట్టదు. అంగన్‌వాడీ కేంద్రంలో పిల్లల ఎత్తు కొలిచి రాస్తున్నాము. అదే శ్రద్ధతో అవ్వ ఎత్తు కూడా రాద్దాము.

నడుము వంగిన ప్రతివారికీ బోలు ఎముకల జబ్బే అనుకోరాదు. నల్లగొండ, ప్రకాశం వంటి ప్రాంతాలలో ఫ్లోరైడు నీళ్ళు ఏళ్ళ తరబడి తాగినవారికి కూడా వెన్ను వంగుతుంది. వారిలో వెన్ను కర్రలా బిగుసుకుపోతుంది, చిన్నతనంనుంచి ఆ నీళ్ళు తాగినవారికి పళ్ళమీద మచ్చలుంటాయి. వెన్నుకు క్షయ సోకినా, క్యాన్సరు పాకినా పూస విరగవచ్చు. కనుక నడుము నొప్పితోపాటు జ్వరం, బరువు తగ్గడం, రాత్రిళ్ళు నిద్రపట్టనివ్వని బాధ వుంటే ఆలస్యం చేయవద్దు. కాళ్ళు చచ్చుపడుతున్నట్టున్నా, తిమ్మిరి వున్నా, మూత్రం మీద, విరేచనం మీద అదుపు తప్పినా, ఆ గంటే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి.

ఇప్పుడొక మోటు వైద్యం సంగతి చెప్పకతప్పదు. నడుము పట్టేస్తే, ఎదురుకాళ్ళతో పుట్టినవారిచేత తొక్కించడం, తన్నించడం మన పల్లెల్లో వున్నది. గట్టిగా మర్దన చేయించి, నడుము విరిచి సరిచేయించడం కూడా వున్నది. కుర్రవాడి బెణుకు సంగతి ఏమోగాని, అరవై ఏళ్ళ అమ్మ వెన్ను మీద ఎవరి కాలూ పడరాదు. పగిలిన కుండను బాగుచేయాలని గుద్దినట్టవుతుంది. ఒక పూస విరిగినచోట మరొకటి విరుగుతుంది.

మరేం చేయాలి? నొప్పి ఎక్కువగా వున్న నాలుగైదు రోజులు పక్కమీద విశ్రాంతి ఇవ్వండి. నొప్పి తగ్గడానికి డాక్టరు రాసిన బిళ్ళలు వేయండి. ఆ తర్వాత మెల్లగా లేపి నడిపించండి. "పూస విరిగింది గదా" అని నెలల తరబడి మంచాన పడుకోబెడితే ఎముక ఇంకా పలచబడుతుంది, కండ కరుగుతుంది. విరిగిన పూస సాధారణంగా రెండు మూడు నెలల్లో అతుక్కొంటుంది. నొప్పి తగ్గింది గదా అని అక్కడితో వైద్యం ఆపడమే అందరూ చేస్తున్న పొరపాటు. అసలు వైద్యం అప్పుడే మొదలు కావాలి.

ఎముక ఎంత పలచబడిందో తెలుసుకొనేందుకు డెక్సా అనే ఎక్సురే వంటి పరీక్ష పట్టణాల్లో దొరుకుతుంది. నొప్పి లేని పరీక్ష. అయితే ఏ పెద్ద దెబ్బా లేకుండా వెన్నుపూస విరిగిందని పక్కనుంచి తీసిన మామూలు ఎక్సురేలో తేలి, వేరే కారణం లేదని డాక్టరు నిర్ధారిస్తే, డెక్సా లేకపోయినా వైద్యం మొదలుపెట్టవచ్చు. ఎముక తరుగుదలను ఆపే మందులు ఇప్పుడు బాగా వాడుకలో వున్నాయి. ఎలెండ్రోనేట్ అనే బిళ్ళ వారానికొకటి వేసుకోవాలి. దాన్ని పరగడుపున, నిండు గ్లాసు మంచినీళ్ళతో మింగి, అరగంటసేపు పడుకోకుండా, ఏమీ తినకుండా కూర్చోవాలి, లేదా నడవాలి. మింగి పడుకొంటే గొంతుకింద గొట్టం పుండవుతుంది. కాఫీతో, టీతో, పాలతో వేసుకొంటే మందు వొంటికి పట్టదు. బిళ్ళ పడనివారికి జోలెడ్రోనిక్ ఆమ్లం అనే మందును ఏడాదికొకసారి నరంలోకి ఎక్కిస్తారు. ఆరునెలలకొకసారి చర్మం కింద ఇచ్చే డెనోసుమాబ్ అనే ఇంజెక్షను కూడా వున్నది. దాన్ని మొదలుపెట్టినవారు గడువు తప్పించరాదు. మధ్యలో మానేస్తే పూసలు వరుసగా విరిగే ప్రమాదం వున్నది. మూత్రపిండాల జబ్బు వున్నవారు ముందే డాక్టరుకు చెప్పాలి. మందేదైనా డాక్టరు చెప్పినన్నాళ్ళు, ఏళ్ళ తరబడి వాడవలసి వస్తుంది. మొక్కకు ఒక్క తడి ఇచ్చి పంట కోయలేము గదా.

మందుకు తోడు తిండి. ముట్లుడిగిన స్త్రీకి రోజుకు 1,200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారి 2020 నాటి సిఫారసు. ఇప్పుడు మన కంచం చూడండి. వంద గ్రాముల తెల్ల బియ్యంలో పది మిల్లీగ్రాముల కాల్షియం కూడా వుండదు. మూడుపూటలా అన్నం, పలచని చారు, పచ్చడి మెతుకులతో యీ లెక్క ఏనాటికీ తీరదు. అదే వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాములకు పైగా వున్నది. రాయలసీమ సంకటి, ఉత్తరాంధ్ర చోడి అంబలి, తెలంగాణ తైదల జావ, పేరేదైనా గింజ ఒకటే. రెండు గ్లాసుల పాలలోగాని, అంత పాలు తోడువేసిన పెరుగులోగాని సుమారు 480. గుప్పెడు మునగాకు పప్పులో వేసి వండితే 150 దాకా. పెద్ద చెంచాతో చెంచాన్నర నువ్వులు పొడి చేసుకొని తింటే మరో 190 వరకు. కూడితే లెక్క సరిపోయింది చూడండి. చిన్న చేపలు ముల్లుతో సహా తినే అలవాటున్నవారికి అదీ మంచిదే. రాగులు మొలకెత్తించి పిండి చేసినా, అంబలి పులియబెట్టినా అందులోని కాల్షియం వొంటికి మరింత బాగా పడుతుంది. దీనికితోడు పప్పు, గుడ్డు వంటి మాంసకృత్తులుండాలి. ఎముకకూ కండకూ రెంటికీ అవి కావాలి.

ఇక్కడ రైతు సోదరులను ఒక మాట అడుగుతాను. ఈనిన ఆవుకు పాలజ్వరం వస్తే, వొంట్లో కాల్షియం పడిపోయిందని మీకు తెలుసు. డాక్టరును పిలిపించి నరానికి కాల్షియం ఎక్కిస్తారు. పాడిగేదె దాణాలో ఖనిజ లవణ మిశ్రమం కలిపి పెడతారు. ఆ గేదెకు మేత కోసుకొచ్చి, పేడ ఎత్తి, పాలు పితికి, కేంద్రానికి మోసుకెళ్ళి పోసేది ఎవరు? ఆమె రోజుకు ఎన్ని పాలు తాగుతున్నది? పాలన్నీ కేంద్రానికి, మిగిలిన గ్లాసు పిల్లలకు, మజ్జిగ మగవారికి, చివరకు ఆమెకు టీ నీళ్ళు. పాడి వున్న ఇంట్లో పాలు ఎరుగని మనిషి ఆమెయే! కేంద్రానికి అరలీటరు తక్కువ పోయండి. ఆ అరలీటరు ఇంటి ఆడవారి పేర జమ కట్టండి. ఆసుపత్రి ఖర్చుముందు ఆ పాల డబ్బు ఏపాటిది?

ఇది ఏదో ఊహ కాదు. తక్కువ ఆదాయం గల కుటుంబాల స్త్రీలలో ఎముకల సాంద్రత, సంపన్న దేశాల స్త్రీలకంటె బాగా తక్కువగా వున్నదని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 2005లో ప్రకటించారు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ డాక్టర్లు 2007లో ప్రచురించిన పరిశీలనలో, మన ప్రాంతపు ఆరోగ్యవంతులు కూడా కాల్షియం తక్కువ తింటున్నారని, వారిలో విటమిన్ డి లోపం విస్తారంగా వున్నదని తేలింది. ఎండకు కొదవలేని రాయలసీమలోనే ఈ సంగతి! పొలంలో పనిచేసే పల్లెవారిలో యీ విటమిన్ పట్నవాసులకంటె మెరుగ్గా వున్నదిగాని, చాలినంత లేదు. లేత ఎండ మంచిదంటారుగాని, విటమిన్ డి తయారయ్యేది ఎండ నిలువుగా కాసే వేళలోనే. పదకొండు గంటలనుంచి రెండు గంటల మధ్య కొద్దిసేపు చేతులకు, ముఖానికి, వీపుకు ఎండ తగలనిస్తే మంచిది. వడగాలి రోజుల్లో మాత్రం ఇంటిపట్టునే వుండండి. చాలనివారికి డాక్టరు వారానికొకటి చొప్పున విటమిన్ డి ఇస్తారు. చెప్పిన వారాలు కాగానే ఆపాలి. అది ఎక్కువైనా విషమే.

పని విషయంలో కూడా మెళకువలున్నాయి. నడుము వంచి ముందుకు వొంగి బరువు ఎత్తినప్పుడే పూసలమీద ఎక్కువ వొత్తిడి పడుతుంది. బరువును చేతులు చాచి ఎత్తితే ఆ వొత్తిడి ఇంకా పెరుగుతుంది. మోకాళ్ళు వంచి, వెన్ను నిటారుగా వుంచి, బరువును పొట్టకు దగ్గరగా పట్టుకొని లేవాలి. నిండు బిందె ఒకటి బదులు సగం సగం బిందెలు రెండుసార్లు తెచ్చుకోవాలి. పూస ఒకసారి విరిగిన తల్లిని నాట్లకు, వంగి చేసే కలుపుకు పంపవద్దు. నిలబడి తోసే కలుపు పరికరాలు వచ్చాయి. వాటిని విస్తరణోద్యోగులు ఆడవారి చేతికిచ్చి అలవాటు చేయాలి. పొయ్యి నేలమీదనుంచి గట్టుమీదికి ఎత్తాలి. చీపురుకు పొడుగు కర్ర కట్టాలి. రోజూ అరగంట నడక, గోడకు వీపు ఆనించి నిటారుగా నిలబడటం, కుర్చీలోనుంచి చేతుల ఊతం లేకుండా లేచి కూర్చోవడం ఇవే చాలినంత వ్యాయామం. ముందుకు వంగి కాలి బొటనవేళ్ళు పట్టుకొనే వ్యాయామాలు మాత్రం గుల్లబారిన వెన్నుకు పనికిరావు.

పడకుండా చూసుకోవడం కూడా వైద్యమే. స్నానాలదొడ్డిలో పాకుడు గీకించి గరుకు రాయి వేయించండి. రాత్రిపూట దొడ్డికి వెళ్ళే దారిలో దీపం పెట్టించండి. గడప దగ్గర గోడకు పట్టుకొనేందుకు ఒక కర్ర బిగించండి. చూపు ఆనకపోతే కంటి శుక్లం తీయించండి. చేతికర్ర ఇస్తే "నేనింకా అంత ముసలిదాన్ని కాలేదు" అంటుంది అమ్మ. నచ్చజెప్పండి.

చివరగా, గాదె నింపుకోవలసిన వయసువారిని మరవకూడదు. ఇంట్లో పన్నెండేళ్ళ ఆడపిల్ల వుంటే, అవ్వ జబ్బుకు మందు వేయవలసింది ఇప్పుడే, ఆ పిల్ల కంచంలో. తమ్ముడికి పెట్టిన పాలు, గుడ్డు ఆమెకూ పెట్టండి. ఆటలాడనివ్వండి, గెంతులువేసే వయసులోనే ఎముక గట్టిపడుతుంది. గర్భిణులకు నాలుగో నెలనుంచి, కాన్పు తర్వాత ఆరునెలలవరకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో కాల్షియం బిళ్ళలు ఇచ్చే ఏర్పాటున్నది. ఇనుము బిళ్ళ, కాల్షియం బిళ్ళ ఒకే పూట కాకుండా వేర్వేరు పూటల్లో వేసుకోవాలి. ఆ బిళ్ళల్ని డబ్బాలో దాచవద్దు.

సోదరులారా, రేపు ఉదయం ఒక పని చేయండి. పొలానికి బయలుదేరేముందు అమ్మను గోడ దగ్గర నిలబెట్టి నెత్తిపైన గీత గీయండి. పక్కన మీ ఇంటావిడకూ ఒక గీత గీయండి. తేదీ వేయండి. గీత కిందికి దిగుతున్నదేమో ఏటా చూసుకోండి. దిగినట్టు కనిపిస్తే, "వయసు గదా" అనవద్దు. బస్సెక్కించి ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.